వాపసు కౌంటరు

తెనాలి మెయిన్ రోడ్డులో మేం బట్టలు తీసుకునే కొట్టులో, షావుకారుగారి గల్లాపెట్టె వెనక గోడకి, వెంకటేశ్వరస్వామి పటం కింద ఒక రేకు బోర్డు ఉండేది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్తలో బడి బయట నేను చదివిన మొదటి వాక్యాల్లో అదొకటి. తెల్ల దుప్పట్లు పరిచిన పరుపుల మీద కూర్చుంటే గుమాస్తాలు తానులు విప్పి మా ముందు పరిచేవాళ్లు. అమ్మ ప్రతి గుడ్డనీ వెలుతురులోకి పట్టుకెళ్లి చూసేది. తడి వేలితో రుద్ది, రంగు వేలికి అంటుతుందేమో చూసేది. బిల్లు రాశాక మంచైనా చెడైనా ఇక అది మనదే కదా.

ఒక దీపావళికి కొన్న నా పరికిణీ గుడ్డ మొదటి ఉతుకుకే రంగు దిగిపోయింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లింది. షావుకారుగారు ఒక్క మాట కూడా మాట్లాడకుండా చూపుడు వేలితో ఆ బోర్డు చూపించారు. అమ్మ ఆ గుడ్డని మళ్లీ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

1982 అక్టోబరులో నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో దిగేటప్పటికి ఆ బోర్డు నా బుర్రలో అలాగే ఉంది.

ఆయన అప్పటికి ఏడాది ముందే వచ్చి ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తున్నారు. క్వార్టర్సులో ఒక గది, చిన్న వంటిల్లు. నా దగ్గర ఉన్నవి పెళ్లిచీరలు, నాలుగు నూలు చీరలు, గుంటూరులో కొన్న ఒక ఊలు శాలువా. శాలువా తెనాలి చలికి సరిపోతుంది. లీడ్స్‌లో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడి, సన్నటి వాన అడ్డంగా కొడుతుంటే అది దేనికీ చాలలేదు. క్వార్టర్సులో దుప్పట్లు మార్చడానికి వచ్చే పెద్దావిడ ఒకరోజు నా చేతులు పట్టుకు చూసి, మంచుగడ్డల్లా ఉన్నాయే అని నొచ్చుకుంది. ఈ శనివారం మీ ఆయన్ని మార్క్స్‌కి తీసుకెళ్లమను, ఒక మంచి ఊలు కార్డిగన్, అంటే ముందువైపు గుండీలుండే స్వెట్టరు, కొనిపెట్టమను అంది. ఆమె ‘మార్క్స్’ అనడంలో, మా ఊళ్లో ‘ఆచారిగారి దగ్గర చేయించుకో’ అన్నప్పుడు ఉండే భరోసా ఉంది. అందరికీ తెలిసిందే, ఇంకో మాట అక్కర్లేదు అన్నట్టు.

మార్క్స్ అంటే మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పెద్ద షాపు. ఊరి నడిబొడ్డున, బ్రిగేట్ వీధిలో.

లోపల అడుగుపెట్టగానే నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఏం కావాలమ్మా అని అడిగేవాళ్లు లేరు. కూర్చోడానికి పరుపులు లేవు. బేరం లేదు. అన్నీ మన చేతికి అందేలా పెట్టి వదిలేశారు. వేసుకు చూడ్డానికి గదులు కూడా అప్పట్లో లేవు. సైజు నెంబరు చూసుకుని తీసుకోవడమే. కౌంటరు దగ్గర చూస్తే చేతులు కనిపించేవే గానీ మాటలు వినిపించేవి కావు. నేను ముదురు మెరూన్ రంగు కార్డిగన్ ఒకటి తీశాను. గొర్రెపిల్ల ఊలు, అదే రంగు గుండీలు. కాలరు లోపల తెల్లటి లేబుల్, దాని మీద చేత్తో రాసినట్టున్న అక్షరాల్లో ‘సెయింట్ మైకేల్’, కింద ‘మేడ్ ఇన్ ది యూకే’. పన్నెండు పౌన్ల చిల్లర. పౌను అప్పట్లో పదహారు, పదిహేడు రూపాయలు. లెక్క కట్టుకుంటే రెండొందలు దాటింది. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన జీతంలో పావు వంతు నా ఒంటి మీద వేసుకోబోతున్నానని గుండె దడదడలాడింది.

ఇంటికి వచ్చి చీర మీద వేసుకుంటే భుజాలు జారిపోయాయి. చేతులు వేళ్ల చివరలదాకా వచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మార్చుకోవచ్చు, రసీదు ఉందిగా అని ఆయన ఎంత చెప్పినా నమ్మబుద్ధి కాలేదు. ఆయనకి డ్యూటీ. సోమవారం పొద్దున ఒక్కదాన్నే బయల్దేరాను. ఇంగ్లీషులో ఏం చెప్పాలో బస్సులో పదిసార్లు అనుకున్నాను. ఒక్కసారి కూడా వేసుకుని బయటికి వెళ్లలేదు, ఎక్కడా మరక లేదు, సైజు తెలియక తీసుకున్నాను, మీరు కాదంటే డబ్బు వద్దు, చిన్న సైజు ఇచ్చినా చాలు. ఇలా ఒక అర్జీలా తయారుచేసుకున్నాను.

కౌంటరులో యాభై దాటిన ఆవిడ. నేను మొదటి వాక్యం మొదలుపెట్టేలోగానే కార్డిగన్ అందుకుంది, రసీదు చూసింది. చిన్నది కావాలా, డబ్బు కావాలా అని అడిగింది. ‘రైట్ యూ ఆర్, లవ్’ అంటూ పది పౌన్ల నోటు, పైన చిల్లర నా అరచేతిలో లెక్కపెట్టి పెట్టింది. ఎందుకు తెచ్చావని అడగలేదు. వాసన చూడలేదు. ఎక్కడైనా దారం లాగిందేమోనని వెతకలేదు. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో కొట్లలో ఆడవాళ్లు ఎవరినైనా ‘లవ్’ అనే పిలుస్తారని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం అది నాకొక్కదానికే అన్న మాటలా అనిపించింది. అర్జీలో మిగిలిన వాక్యాలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆ డబ్బుతోనే మళ్లీ లోపలికి వెళ్లి రెండు సైజులు తక్కువది కొనుక్కున్నాను.

ఇంటికి ఉత్తరంలో వాతావరణం గురించి, బియ్యం గురించి కాకుండా ఈ సంగతే రాశాను, అమ్మకి. అమ్మ జవాబులో దాని గురించి ఒకే వాక్యం రాసింది: ‘నిజంగా ఏమీ అడగలేదా?’

ఆ షాపు నాకు చేసిన ఇంకో మేలు ఉంది. ఆడవాళ్లు చాలామంది అనుకుంటారు గానీ రాయరు. మా ఊళ్లో లోపలి బట్టలు కావాలంటే కౌంటరు వెనక నిలబడ్డ మగ గుమాస్తాని అడగాలి. సైజు గొంతు తగ్గించి చెప్పాలి. అతను లోపల ఇంకొకరికి గట్టిగా అరిచి చెప్తాడు. తర్వాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తాడు. అది తీసుకుని తల దించుకుని వచ్చేసేదాన్ని. నచ్చిందా, సరిపోతుందా అన్న ప్రశ్నే లేదు. మార్క్స్‌లో అవన్నీ వరసగా హ్యాంగర్లకి వేలాడుతుండేవి. ఎవర్నీ అడగక్కర్లేదు. టేపు మెడలో వేసుకున్న ఆడవాళ్లే ఉండేవాళ్లు, కావాలంటే కొలత తీసేవాళ్లు. ఇరవై మూడేళ్ల వయసులో మొదటిసారి నా సొంత కొలత నాకు తెలిసింది. ఆ చోటు మీద నాకున్న ఆపేక్షలో సగం అందుకే.

అప్పట్లో యార్క్‌షైర్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు దాదాపు అన్నీ డాక్టర్లవే. ఉగాదికో దీపావళికో ఎవరో ఒకరింట్లో చేరేవాళ్లం. వంటింట్లో ఆడవాళ్ల మాటల్లో గోంగూర ఎక్కడ దొరుకుతుందనేది మొదటి విషయం, ఇండియా వెళ్లేటప్పుడు ఎవరికేం తీసుకెళ్లాలనేది రెండోది. రెండోదానికి జవాబు అందరిదీ ఒకటే, మార్క్స్. మామగారికి కార్డిగన్, అత్తగారికి శాలువాలాంటి స్కార్ఫు, బావగార్లకి చొక్కాలు, ఆడపడుచు పిల్లలకి గౌన్లు. వెళ్లే ముందు నెలంతా తూకం యంత్రం మీద సూట్‌కేసు పెట్టడం, ఒక చొక్కా తీసెయ్యడం, మళ్లీ పెట్టడం. తెనాలిలో మార్క్స్ అండ్ స్పెన్సర్ పేరు ఎవరికీ తెలియదు. సెయింట్ మైకేల్ మాత్రం తెలుసు. మా పెదనాన్నగారు ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి వెళ్తూ ఆ స్వెట్టరే వేసుకునేవారు. మెడ దగ్గర లేబుల్ కనపడేలా కాలరు కాస్త వెనక్కి ఉండేది. అది కావాలని అనుకోను, ఊలు వదులై అలా జారేదేమో. కానీ అరుగుల మీద ఉన్నవాళ్లంతా ఆ లేబుల్ చదివే ఉంటారు.

1986లో నాన్నకి బూడిద రంగు ప్యాంటు తెచ్చాను. పొడవు ఎక్కువైంది. గంగానమ్మపేటలో మా ఇంటికి దగ్గర్లోనే, నా చిన్నప్పట్నించీ మా ఇంటి బట్టలు కుట్టే దర్జీ సాయిబుగారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ప్యాంటు పొడవు చూడలేదు. ముందు లోపలికి తిప్పారు. అలా తిప్పి, కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దింపుకుని, నడుం పట్టీ మీద వేలు పెట్టి అంగుళం అంగుళం చూసుకుంటూ వెళ్లారు. జేబు గుడ్డ లాగి చూశారు. కాజా దగ్గర ఆగారు. జిప్పు కింద కుట్టు ఎక్కడ ముగిసిందో, దారం కొస ఎలా దాచారో గోరుతో మెల్లగా పైకెత్తి చూశారు.

"చూడమ్మా" అన్నారు నాతో. "పైన కుట్టు అందరూ బాగానే వేస్తారు. ఎవరూ చూడని చోట కూడా అట్టాగే వేశాడు వీడు. మనిషి ఎవరోగానీ పనిమంతుడు."

అసలు మనిషే కాదు సాయిబుగారూ, ఫ్యాక్టరీ అన్నాను నేను.

"ఫ్యాక్టరీ అయినా మిషను తొక్కింది మనిషేగా" అన్నారు.

ఆ రోజు ఆయన ప్యాంటు అడుగున రెండంగుళాలు మడిచి కుట్టడానికి మామూలుగా పట్టే టైముకి మూడింతలు తీసుకున్నారు. మడత లోపల వేసిన కుట్టు, పక్కన ఉన్న ఫ్యాక్టరీ కుట్టుకి దీటుగా రావాలని రెండుసార్లు విప్పి మళ్లీ వేశారు. కూలి మాత్రం ఎప్పుడూ తీసుకునేదే తీసుకున్నారు. అప్పట్నించీ ఏ బట్ట కొన్నా ముందు లోపలికి తిప్పి చూడటం నాకూ అలవాటైపోయింది.

ఈ షాపు పుట్టిందే లీడ్స్‌లో అని నాకు రెండేళ్లదాకా తెలియదు. కొత్తిమీర, చేపలు, పచ్చిమిరపకాయల కోసం వారం వారం కర్క్‌గేట్ మార్కెట్‌కి వెళ్లేదాన్ని. 1984లో ఆ మార్కెట్లో ఒక గడియారం పెట్టారు, మార్క్స్ అండ్ స్పెన్సర్ మొదలై నూరేళ్లయిన గుర్తుగా. అప్పుడు చదివి తెలుసుకున్నాను. మైకేల్ మార్క్స్ అనే యూదు యువకుడు, ఇప్పటి బెలారుస్‌లో ఉన్న స్లోనిమ్ అనే ఊరి నుంచి చేతిలో ఏమీ లేకుండా ఇంగ్లండ్ వచ్చాడట. ఇంగ్లీషు సరిగా రాదు. డ్యూహర్స్ట్ అనే టోకు వ్యాపారి దగ్గర ఐదు పౌన్లు అప్పు తీసుకుని, ఆ అప్పుతోనే ఆయన సరుకే కొని ఊళ్లమ్మట తిరిగి అమ్మాడు. 1884లో ఈ మార్కెట్లోనే చిన్న కొట్టు పెట్టాడు. ‘ధర అడక్కండి, అన్నీ పెన్నీయే’ అని బోర్డు రాసిపెట్టాడు. భాష రాని మనిషికి బేరం ఆడే అవసరం లేకుండా ఆ ఒక్క మాట సరిపోయింది. 1894లో, ఆ డ్యూహర్స్ట్ దగ్గరే పద్దులు చూసే థామస్ స్పెన్సర్ 300 పౌన్లు పెట్టి సగం వాటాకి భాగస్వామి అయ్యాడు. సెయింట్ మైకేల్ అనేది మైకేల్ మార్క్స్ కొడుకు సైమన్, తండ్రి పేరు నిలబడాలని పెట్టిన గుర్తు. 1928లో రిజిస్టరు చేయించారు.

ఇది చదివాక కూరగాయల సంచితో ఆ గడియారం కింద చాలాసేపు నిలబడిపోయాను. భాష రాకుండా ఈ ఊరికి వచ్చిన మనిషి పెట్టిన కొట్టులోనా, నేను ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టుకుని వెళ్లింది అనుకున్నాను. కౌంటరులో ఆవిడ నన్నేమీ అడక్కపోవడానికి, ఆ పెన్నీ బోర్డుకి నా మనసులో ఆ రోజు ముడిపడిపోయింది. అది నిజమో కాదో నాకు అనవసరం.

మా అమ్మాయి బడికి వెళ్లే రోజుల్లో మడతల బూడిద స్కర్టులు, తెల్ల చొక్కాలు, నేవీ బ్లూ స్వెట్టర్లు అన్నీ అక్కడివే. తొమ్మిదో ఏడు వచ్చేదాకా ఏం కొన్నా వేసుకుంది. పద్నాలుగో ఏడు వచ్చేసరికి మార్క్స్ సంచి చూస్తేనే మొహం తిప్పేసుకునేది. "అమ్మా, అది నీ షాపు, నా షాపు కాదు" అంది ఒకసారి. స్నేహితురాళ్లంతా టాప్‌షాప్‌కి వెళ్తారు, మార్క్స్‌కి వెళ్లేది వాళ్ల అమ్మమ్మలు. నాకు కష్టం వేసింది. కానీ నేనూ మా అమ్మ కొట్టుకి అలాగే దూరమయ్యాను కదా, దాన్ని ఏమనలేకపోయాను.

తర్వాత వచ్చిన రోజుల గురించి రాయాలంటే నాకిప్పటికీ మనసు రెండుగా చీలిపోతుంది.

1998లో కంపెనీ లాభం ఏడాదికి వంద కోట్ల పౌన్లు దాటిందని పేపర్లలో పెద్ద అక్షరాలతో వేశారు. మర్నాటి ఏడాదికే అది దాదాపు సగానికి పడిపోయింది. రంగులు వెలిసిపోయినట్టున్నాయని, ముసలివాళ్ల బట్టలని అందరూ అనడం మొదలుపెట్టారు. ఖర్చు తగ్గించుకోవడానికి సరుకు బయటి దేశాల్లో కుట్టించడం పెంచారు. అంతకుముందు దశాబ్దాల పాటు, మా షాపులో అమ్మేదంతా దాదాపు ఇక్కడ కుట్టిందే అని గొప్పగా చెప్పుకున్న కంపెనీ అది. 1999 అక్టోబరులో, ముప్పై ఏళ్లుగా వీళ్లకి బట్టలు కుట్టిస్తున్న విలియం బెయిర్డ్ అనే కంపెనీకి ఇక మీ సరుకు వద్దని చెప్పేశారు. బెయిర్డ్ కోర్టుకి వెళ్లింది. తేలిందేమిటంటే ఆ ముప్పై ఏళ్ల వ్యాపారానికి రాతపూర్వకమైన ఒప్పందమే లేదు. అంతా నమ్మకం మీద నడిచింది. రాత లేదు కాబట్టి బెయిర్డ్‌కి అడిగే హక్కు లేదని 2001లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసుకునే వేలమందికి ఉద్యోగాలు పోయాయి.

ఆ వార్త నేను పేపర్లో చదివింది వంటింటి బల్ల దగ్గర కూర్చుని. మా వీధి చివర ఇంటావిడ పెద్ద షాపులకి బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసేది. చేతివేళ్ల చివర్లు గట్టిపడిపోయి ఉండేవి. ఆ రోజుల్లోనే వాళ్ల ఫ్యాక్టరీ కూడా మూతపడింది. చివరి రోజున తన మిషను పక్కన పెట్టుకునే కత్తెర ఇంటికి తెచ్చుకున్నానని నాతో చెప్పింది. సాయిబుగారి మాట గుర్తొచ్చింది. ఎవరూ చూడని చోట కూడా కుట్టు అలాగే వేసిన పనిమంతుడు. ఆ మనిషి ఈవిడలాంటి ఆవిడే అయి ఉంటుంది.

నన్ను ఒక్క ప్రశ్న అడక్కుండా నమ్మిన కొట్టు, తనకి ముప్పై ఏళ్లు కుట్టిపెట్టిన వాళ్ల దగ్గర మాత్రం కాగితం లేదని తప్పుకుంది. వ్యాపారంలో అంతే అని ఆయన అన్నారు. పోటీలో నిలబడాలి కదా, లేకపోతే షాపే ఉండేది కాదన్నారు. ఆ మాటలో నిజం ఉంది. 2001లో సీ అండ్ ఏ అనే బట్టల షాపు ఈ దేశం వదిలి వెళ్లిపోయింది. 2009 జనవరిలో వుల్‌వర్త్స్ చివరి కొట్లు మూసేశారు. 2016లో బీహెచ్‌ఎస్, 2021లో డెబెన్‌హామ్స్ అనే పెద్ద షాపులూ మూతపడ్డాయి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ పేర్లన్నీ ఏనాటికీ కదలని కొండల్లా కనపడేవి. మార్క్స్ మిగిలింది. అయినా ఆయన మాటకి నేను ఇప్పటికీ పూర్తిగా తల ఊపలేను.

2000లో సెయింట్ మైకేల్ లేబుల్ తీసేశారు. సరిగ్గా ఆ ఏడాదే అక్కడ మామూలు క్రెడిట్ కార్డులు తీసుకోవడం మొదలైంది. అంతవరకూ వాళ్ల సొంత కార్డు తప్ప ఇంకే క్రెడిట్ కార్డూ చెల్లేది కాదు. కార్డులు వచ్చాయని అందరం సంతోషించాం. లేబుల్ పోయిందని నేను కాస్త ఆలస్యంగా గమనించాను. ఒక జాకెట్టు అలవాటుగా లోపలికి తిప్పి చూస్తే ఆ చేతిరాత లేదు. వాపసుకి కూడా తర్వాత గడువు పెట్టారు, ముందు 90 రోజులు, 2009లో 35 రోజులు. నిజానికి 35 రోజులు చాలు, ఎవరికైనా. అయినా గడువు అన్న మాట వినగానే తెనాలి రేకు బోర్డు ఒక్క క్షణం కళ్లముందు మెదిలింది.

తమ్ముడికి ఒక నీలం గళ్ల చొక్కా తీసుకెళ్లాను, 2004 సంక్రాంతికి. హడావుడిలో కొన్నాను, లోపలికి తిప్పి చూడలేదు. వాడు తొడుక్కుని అద్దంలో చూసుకుని, విప్పేటప్పుడు లేబుల్ చదివాడు. "అక్కా, ఇది మేడ్ ఇన్ ఇండియా" అన్నాడు. ఇంట్లో అందరూ ఒక్కసారి నావైపు చూశారు. నాకేం చెప్పాలో తెలియలేదు. అమ్మ మాత్రం ఆ చొక్కా తీసుకుని, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, వెనకటి రోజుల్లోలాగే వెలుతురులో చూసి, "ఎక్కడ కుట్టినా బాగా కుట్టారు" అంది. ఎవరో మనవాళ్లే, మన దేశంలో ఏదో ఊళ్లో, మా వీధి చివరావిడ ఒదిలేసిన పని చేస్తున్నారన్నమాట. వాళ్లకి కూలి ఎంత ఇస్తున్నారో నాకు తెలియదు. ఒకరి చేతిలోంచి జారిన పని ఇంకొకరి కంచంలో అన్నమైంది. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఎవరి పక్కన నిలబడి కోపం తెచ్చుకోవాలో నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు.

ఇప్పుడైతే హైదరాబాదులోనే మార్క్స్ ఉంది. కంపెనీ ఇండియాకి 2001లో వచ్చింది. 2008 నుంచి రిలయన్స్‌తో కలిసి నడుపుతున్నారు. తమ్ముడి కూతురు మొదటి జీతంతో అక్కడ ఒక చొక్కా కొనుక్కుని, అద్దం ముందు నిలబడి ఫొటో తీసి, "అత్తా, మీ షాపు!" అని పంపింది. ధర చీటీ రూపాయల్లో ఉంది. ఆ చీటీ మీద వేలితో జూమ్ చేసి ఎంతసేపు చూశానో. ఒకప్పుడు పౌన్లని రూపాయల్లోకి మార్చి గుండెదడ తెచ్చుకున్నదాన్ని, ఈసారి రూపాయల్ని పౌన్లలోకి మార్చుకున్నాను.

లీడ్స్ యూనివర్సిటీ ఆవరణలో మార్క్స్ పాత సామాన్లు, కాగితాలు భద్రపరిచిన భవనం ఉంది. 2012లో తెరిచారు, మైకేల్ మార్క్స్ పేరే పెట్టారు. మేం రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం వెళ్లాం. నేను వేసుకుని తిరిగిన కాలం నాటి బట్టలు అద్దాల వెనక ఉన్నాయి. సెయింట్ మైకేల్ లేబుళ్లు కూడా. అద్దానికి మొహం ఆనించి చూస్తుంటే, "నీ మెరూన్ స్వెట్టరు ఏమైంది?" అని అడిగారాయన. మోచేతుల దగ్గర రెండుసార్లు రఫూ చేయించాను, మూడోసారి ఇక కుదరలేదు. గుండీలు మాత్రం కోసి దాచాను. ఆరు ఉండాలి, ఐదే ఉన్నాయి.

ఇప్పుడు మార్క్స్‌లో నా ఈడువాళ్లం కూడితే ఎప్పుడూ ఇదే మాట. ఊలు మునుపటంత మందం లేదని ఒకరు, ఈ మధ్య మళ్లీ కోత బాగుంటోందని ఇంకొకరు. కింద భోజన పదార్థాల వైపు రద్దీ, పైన బట్టల వైపు పల్చన అని మరొకరు. 2025లో సైబర్ దాడి జరిగి నెలన్నర పాటు ఆన్‌లైన్ ఆర్డర్లు ఆగిపోయినప్పుడు, ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు మా అమ్మాయే రోజూ వార్తలు చూసేది. పద్నాలుగేళ్లప్పుడు మొహం తిప్పుకున్న పిల్ల. ఇప్పుడు దానికి నలభై దాటాయి. టాప్‌షాప్ కొట్లు ఎప్పుడో పోయాయి. తన కూతురి బడి స్కర్టులు అది మార్క్స్‌లోనే కొంటుంది.

కిందటి డిసెంబరులో ఒక కార్డిగన్ కొన్నాను. మెరూన్ కాదు, ముదురు ఆకుపచ్చ. షాపులోనే లోపలికి తిప్పి భుజం కుట్టు, కాజాలు, పక్క కుట్టు అన్నీ చూసుకున్నాను. కుట్టు బాగుంది. కానీ వయసుతో నేను కాస్త చిక్కాను, ఆ సంగతి పట్టించుకోకుండా ఎప్పటి సైజే తీసుకున్నాను. ట్రయల్ రూములు ఉన్నా వాటిలోకి వెళ్లే అలవాటు నాకు ఇప్పటికీ కాలేదు. ఇంటికొచ్చి వేసుకుంటే చేతులు వేళ్లదాకా వచ్చాయి.

రెండు రోజుల తర్వాత తీసుకెళ్లాను. వాపసు కౌంటరు దగ్గర వరసలో నిలబడి ఉండగా ఆయన ఫోన్. పాలు తీసుకురావాలా అని ఆయన అడిగారు. పాలు ఉన్నాయండీ, పెరుగు తెండి అన్నాను. నా వంతు వచ్చింది. కౌంటరులో ఉన్నది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి, జడ వేసుకుంది.

"తెలుగా ఆంటీ?" అంది.

ఔనమ్మా అన్నాను. వాళ్లది ఖమ్మమట. ఇక్కడ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తోంది, వారానికి ఇరవై గంటలు ఇక్కడ పని. వచ్చి మూడు నెలలైంది. చలి ఎలా ఉందమ్మా అంటే, "చేతులు ఐస్ అయిపోతున్నాయి ఆంటీ" అని నవ్వింది. కార్డిగన్ అందుకుంది, రసీదు స్కాన్ చేసింది. మడతపెట్టడానికి రెండు చేతుల్తో పరిచినప్పుడు వేళ్లు ఎర్రగా కనిపించాయి.

"ఏమైంది ఆంటీ, నచ్చలేదా?" అని అడిగింది.

"నచ్చిందమ్మా. సైజు పెద్దదైంది."

"అయితే చిన్నది తీసుకోండి, ఉంటుంది లోపల. డబ్బులు మాత్రం ముందు కార్డులో వేసేస్తాను" అంది.